హెచ్‌పీ పెంచితే దుమ్ము పోతుందా?

అనంతపురం జిల్లా తాడిపత్రి వైపు నుంచి ఒక పాఠకుడు రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. అక్కాబావలతో కలిసి డోలమైట్ రాయిని పొడి చేసే చిన్న మిల్లు నడుపుతున్నారు. మిషన్లు ఈయన చూసుకుంటారు, పెట్టుబడి ఎక్కువ భాగం బావది. రాయి పగలగొట్టే జా క్రషర్, ముక్కల్ని పైకి మోసే బకెట్ ఎలివేటర్, పొడి చేసే పల్వరైజర్, బస్తాలు నింపే రెండు చోట్లు, ఇదీ మిల్లు. దుమ్ము లాగడానికి ఒక ఫ్యాబ్రికేటర్ చేత 10 హెచ్‌పీ మోటారుతో సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్, 64 బ్యాగుల ఫిల్టర్ పెట్టించారు. ఫ్యాన్ నేమ్‌ప్లేట్ మీద గంటకు 6,000 క్యూబిక్ మీటర్లు, 150 మి.మీ. వాటర్ గేజ్ (నీటి మట్టాల తేడాగా చెప్పే ఒత్తిడి) అని ఉంది. పైపు మొదటి నుంచి చివరిదాకా ఒకటే సైజు, 250 మి.మీ.

ఆయన చెప్పిన తంటాలు: బస్తాల దగ్గర దుమ్ము లేవడం ఆగలేదు. అక్కడి పైపులు మాత్రం పొడితో పూడిపోతున్నాయి. గాలి చాలడం లేదని పుల్లీ మార్చి ఫ్యాన్ వేగం 25 శాతం పెంచారు. పాత బ్యాగులతో బాగానే తిరిగిన మోటారు, కొత్త బ్యాగులు వేసిన రోజే ట్రిప్ అయింది. ఎలక్ట్రీషియన్ డ్యాంపర్ (పైపులో గాలిని తగ్గించే రేకు) సగం మూసేశాడు, ట్రిప్ ఆగింది, దుమ్ము మళ్లీ మొదలైంది. కాలుష్య నియంత్రణ మండలి నుంచి నోటీసు వచ్చింది. బస్తాల దగ్గర పనిచేసే పెద్దాయనకు దగ్గు తగ్గడం లేదు. '20 హెచ్‌పీ మోటారు వేస్తే సరిపోయేదానికి ఇన్ని లెక్కలెందుకు, నీకు చేతకాదు' అని బావ నలుగురిలో అనేసరికి ఈయన మిల్లుకు పోవడం తగ్గించారు. అక్క ఇద్దరి మధ్యా నలిగిపోతోంది. 'మోటారు మార్చాలా, ఫ్యాన్ మార్చాలా, లేక భాగం తీసుకుని పక్కకు జరగాలా?' అని అడిగారు.

మీ ఉత్తరంలో కొలతలన్నీ ఉండటం మంచిదైంది. వాటిని బట్టి చూస్తే మీ బావ చెప్పిన మందు పనిచేయదు. అలాగని మీ ఫ్యాబ్రికేటర్ అమ్మింది చెడ్డ ఫ్యానూ కాదు. అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగకుండానే ఫ్యాన్ కొన్నారు, అంతే.

ముందు మోటారు సంగతి. అదే ఫ్యాన్, అదే పుల్లీ ఉంచి 10 తీసి 20 హెచ్‌పీ తగిలిస్తే గాలి రవ్వంత కూడా పెరగదు. ఫ్యాన్ ఎంత గాలి ఇస్తుందన్నది దాని చక్రం సైజు, వేగం, ఎదురుగా ఉన్న అడ్డు, ఈ మూడే తేలుస్తాయి. మోటారు ఆ పనికి సరిపడా కరెంటు తీసుకుంటుంది తప్ప తనంతట తాను గాలి పుట్టించదు. పెద్ద మోటారు వల్ల ఒరిగేదల్లా ట్రిప్ ఆగడమే.

కొత్త బ్యాగులు వేసిన రోజే ఎందుకు ట్రిప్ అయిందో చూడండి. వేగం పెంచితే గాలి అదే నిష్పత్తిలో, ఒత్తిడి దాని వర్గంలో, పవర్ ఘనంలో పెరుగుతాయి. 25 శాతం వేగానికి పవర్ 1.95 రెట్లు. నేమ్‌ప్లేట్ దగ్గర మీ ఫ్యాన్ సుమారు 4.3 కిలోవాట్లు తినేది, ఇప్పుడది 8.4. మోటారు 7.5 కిలోవాట్లది. పాత బ్యాగులు పూడిపోయి గాలిని బిగబట్టినంత కాలం ఫ్యాన్ తక్కువ గాలి లాగింది, తక్కువ కరెంటు తిన్నది. కొత్త బ్యాగులతో దారి తెరుచుకునేసరికి గాలి పెరిగి మోటారు మీద లోడు పడింది. నేరుగా ఉన్న బ్లేడ్లకైనా, ముందుకు వంగిన బ్లేడ్లకైనా ఇదే గుణం. 'గాలి మూస్తే మోటారు మీద బరువు పడుతుంది' అని చాలామంది అనుకుంటారు. ఈ ఫ్యాన్లలో జరిగేది దానికి తలకిందులు. మీ ఎలక్ట్రీషియన్ డ్యాంపర్ మూసి మోటారును కాపాడాడు, దుమ్మును వదిలేశాడు.

డబ్బు పెట్టే ముందు ఒకటి చూడండి. ఫ్యాన్ సరైన వైపే తిరుగుతోందా? సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ తిరగేసి తిరిగినా గాలి ఇటు నుంచే పీల్చి అటే వదులుతుంది, కాకపోతే బాగా తక్కువగా. అందుకే నెలల తరబడి ఎవరూ కనిపెట్టరు. కేసింగ్ మీద బాణం గుర్తు చూసి, స్విచ్ ఆపాక చక్రం నెమ్మదిస్తున్నప్పుడు షాఫ్ట్‌ను గమనించండి. తప్పుగా ఉంటే మూడు ఫేజుల్లో రెండు వైర్లు మార్చడమే.

ఇక అసలు లెక్క. దీంట్లో ఫ్యాన్ చివర వస్తుంది. దుమ్ము పుట్టే చోటు నుంచి మొదలుపెట్టాలి.

బస్తా నింపే చోట మీ హుడ్ (దుమ్ము పీల్చే గొట్టపు మూతి) నోరు 300 × 300 మి.మీ., బస్తా మూతికి ఒకటిన్నర అడుగు పైన ఉందని రాశారు. తప్పంతా ఇక్కడే ఉంది. నోటితో ఊది దీపాన్ని అడుగు దూరం నుంచైనా ఆర్పొచ్చు, పీల్చి ఆర్పమంటే ఎవరి వల్లా కాదు. పీల్చే గాలి అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ దాని పట్టు వేగంగా పడిపోతుంది. మామూలు హుడ్‌కు లెక్క ఇది: దూరం వర్గాన్ని పదితో హెచ్చించి, హుడ్ నోటి వైశాల్యం కలిపి, దుమ్ము దగ్గర కావలసిన వేగంతో హెచ్చించాలి. బస్తాల దగ్గర ఆ వేగం సెకనుకు 1 మీటరు పెట్టుకుందాం. 450 మి.మీ. దూరానికి సెకనుకు 2.1 క్యూబిక్ మీటర్లు, అంటే గంటకు 7,600. ఒక్క బస్తాకు! మీ ఫ్యాన్ మొత్తం కలిపి 6,000. అదే హుడ్‌ను 150 మి.మీ. దగ్గరికి దించితే 1,130 చాలు. మూడు వైపులా రేకు కట్టి, ముందు రబ్బరు పట్టీలు వేలాడదీస్తే ఇంకా తగ్గుతుంది, పక్క నుంచి వచ్చే ఈదురుగాలి గొడవా ఉండదు. దించిన హుడ్ పనివాడి చేతికి తగులుతోందని పక్కకు తోసేస్తారు, అందుకే బస్తా బిగించే క్లాంప్‌తో పాటే కదిలేలా చేయించండి.

మిగతావి త్వరగా తేలిపోతాయి. క్రషర్‌ను రేకుతో మూసి, తెరిచి ఉంచక తప్పని సందులన్నీ కలిపి అర చదరపు మీటరు దాటకుండా చూస్తే, సెకనుకు 1 మీటరు చొప్పున గంటకు 1,800. ఎలివేటర్ కేసింగ్ అడ్డకోత వైశాల్యం 0.27 చదరపు మీటర్లు అన్నారు. చదరపు మీటరుకు సెకనుకు అర క్యూబిక్ మీటరు చొప్పున పైన 500, కింద 500 చాలు, పైపు సైజు కుదరడానికి 550 చొప్పున వేద్దాం. బస్తాల దగ్గర 1,100 చొప్పున రెండు. మొత్తం 5,100. ఫిల్టర్ కింది రోటరీ వాల్వు, తలుపుల సందుల్లోంచి చొరబడే గాలికి 10 శాతం కలిపితే ఫ్యాన్ లాగాల్సింది 5,600. పల్వరైజర్‌కు సొంత బ్లోయర్ ఉంటుంది. దాని వెంట్‌ను ఈ పైపులో కలపకండి, రెండు ఫ్యాన్లు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి.

ఇప్పుడు పైపు. రాతి పొడి పైపులో కింద కూర్చోకుండా పోవాలంటే సెకనుకు 18 నుంచి 20 మీటర్ల వేగం ఉండాలి. మీ 250 పైపులో బస్తా దగ్గరి 1,100 గాలి 6 మీటర్ల వేగంతో పోతుంది. పూడక ఏం చేస్తుంది? సగం పూడినా మీటరుకు 30 కిలోల బరువు వేలాడుతున్నట్టే, కింద మనుషులు తిరిగే చోట ఆ బిగింపులు ఈరోజే చూసుకోండి. అదే 250 మెయిన్ లైనులో 5,100 పోతే వేగం 29 మీటర్లు. అక్కడ పూడదు కానీ, రాపిడి ఒత్తిడిని తినేస్తుంది. అంటే మీ పైపు సన్నం కావలసిన చోట లావు, లావు కావలసిన చోట సన్నం. 20 మీటర్ల లెక్కన బస్తా కొమ్మలు (మెయిన్ నుంచి చీలే పైపులు) 140 మి.మీ., ఎలివేటర్‌వి 100, క్రషర్‌ది 175, మెయిన్ 300 రావాలి. కొమ్మలు మెయిన్‌లోకి 90 డిగ్రీల టీగా కాక, 30 డిగ్రీల ఏటవాలుగా పక్క నుంచో పై నుంచో కలవాలి. అడుగు నుంచి కలిపితే మెయిన్‌లోని పొడి కొమ్మలోకి జారుతుంది. ప్రతి మూడు మీటర్లకు చెయ్యి పట్టే క్లీనింగ్ డోర్ ఉంచండి.

ఒత్తిడి దూరపు బస్తా నుంచి లెక్కేస్తే ఇలా వస్తుంది. హుడ్‌లోకి గాలి ప్రవేశానికి 31 మి.మీ., ఆరు మీటర్ల కొమ్మకు 21, దాని రెండు వంపులకు 12, మెయిన్‌తో కలిసే చోట 5. 18 మీటర్ల మెయిన్‌కు 27, మూడు వంపులకు 18. ఫిల్టర్‌కు 150. ఫ్యాన్ దాకా పైపు, చిమ్నీ కలిపి 20. మొత్తం 284, పది శాతం కలిపితే 310. ఫిల్టర్‌ది ఎక్కువ వేశానని మీ ఫ్యాబ్రికేటర్ అనొచ్చు. కొత్త బ్యాగు 50, 60 దగ్గరే ఉంటుంది, నిజమే. కానీ మీరు ఫ్యాన్ నడిపేది పొడి పట్టిన బ్యాగులతో. కొత్త బ్యాగు లెక్కతో కొన్న ఫ్యాన్ మొదటి నెల బాగా పనిచేసి ఆపైన మొండికేస్తుంది, ఇలాంటి మిల్లుల్లో ఎక్కువ ఫిర్యాదులు ఇక్కడి నుంచే.

మీకు కావలసింది 5,600 గాలి, 310 మి.మీ. దగ్గర. మీరు కొన్నది 6,000 గాలి, 150 మి.మీ. దగ్గర. నేమ్‌ప్లేట్ అబద్ధం చెప్పలేదు, రెండో అంకెను ఎవరూ చదవలేదు. పాత ఫ్యాన్‌నే 310కి లాగాలంటే వేగం 1.44 రెట్లు కావాలి, పవర్ మూడు రెట్లు. అంత వేగానికి ఆ చక్రం తట్టుకోదు, విరిగితే కేసింగ్ చీల్చుకుని వస్తుంది. ఆ దారి తొక్కొద్దు.

మోటారు సంగతీ ఇప్పుడు దానంతటదే తేలుతుంది. 5,600 అంటే సెకనుకు 1.556. దాన్ని 310తో, 9.81తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే 4.7 కిలోవాట్లు. ఫ్యాన్ సామర్థ్యం 65 శాతం, బెల్టు నష్టం 5 శాతం అనుకుంటే మోటారు దగ్గర 7.7. మీ 10 హెచ్‌పీ సరిపోదు. 20 శాతం వెసులుబాటుతో 9.2. బజారులో 12.5 హెచ్‌పీ, 15 హెచ్‌పీ దొరుకుతాయి, ఫ్యాబ్రికేటర్ చెప్పే సామర్థ్యం మీద అంత నమ్మకం పెట్టుకోలేం కాబట్టి 15 తీసుకోవడం మేలు. 20 ఏ లెక్కన చూసినా రాదు.

మన ఎండల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కంపెనీల చార్టులు 20 డిగ్రీల దగ్గర, క్యూబిక్ మీటరుకు 1.2 కిలోల గాలికి వేసినవి. మే నెలలో 45 డిగ్రీల షెడ్డులో, అనంతపురం ఎత్తులో అది 1.06కు పడుతుంది. ఫ్యాన్ ఘనపరిమాణం అంతే లాగుతుంది, ఒత్తిడి మాత్రం ఆ మేరకు తగ్గుతుంది. '310 మి.మీ., 45 డిగ్రీల దగ్గర' అని రాసివ్వండి. దానికి వాళ్లు చార్టులో 350 ఉన్న ఫ్యాన్ చూపిస్తే అనుమానపడకండి, అది సరైన లెక్కే. డిసెంబరు తెల్లవారుజామున గాలి బరువెక్కి లోడు పది శాతం పెరుగుతుంది, 15 హెచ్‌పీ దాన్ని మోస్తుంది.

ఇక మీ ముందు మూడు దారులు ఉన్నాయి.

తక్కువ ఖర్చుది: క్రషర్‌ను ఈ లైను నుంచి విడదీయడం. అప్పుడు మిగిలేది 3,300. మీ 250 మెయిన్‌లో దానికి వేగం 18.7 మీటర్లు, అంటే మెయిన్ మార్చక్కర్లేదు, కొమ్మలు మాత్రం మార్చాలి. 64 బ్యాగులు దీనికి హాయిగా చాలతాయి. పెంచిన వేగంతో పాత ఫ్యాన్ ఈ పని చేసే అవకాశం ఉంది. అయితే ఆ వేగం ఆ చక్రానికి పనికొస్తుందని తయారీదారు రాసివ్వాలి, ఓవర్‌లోడ్ రిలే మోటారు ఆంపియర్లకే సెట్ చేయాలి, డ్యాంపర్‌ను ఆంపియర్లు చూసి ఒకచోట పెట్టి తాళం వేయాలి. ఫిల్టర్ తలుపు తీసి ఫ్యాన్ నడిపితే మళ్లీ ట్రిప్పే. క్రషర్‌కు నీటి పొగ చల్లే నాజిల్స్ పెట్టుకోవచ్చు. నీళ్లు ఎక్కువైతే రాయి తడిసి పల్వరైజర్‌లో ముద్ద కడుతుంది, ఆ తడి బ్యాగులకు చేరితే గారలా పట్టేస్తుంది. చల్లేవాడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సిన పద్ధతి ఇది.

రెండోది: కొత్త 15 హెచ్‌పీ ఫ్యాన్, 300 మెయిన్, కొమ్మలన్నీ కొత్తవి. మీ ఫ్యాన్ ఫిల్టర్ తర్వాతే ఉంది కాబట్టి వెనక్కి వంగిన బ్లేడ్ల రకం తీసుకోవచ్చు, అది గాలి పెరిగినా మోటారును ముంచదు. ఇక్కడ ఫిల్టర్ కూడా చూడాలి. 125 మి.మీ. వ్యాసం, 2.4 మీటర్ల పొడవు బ్యాగు 0.94 చదరపు మీటర్లు, 64కు 60. నిమిషానికి 93 క్యూబిక్ మీటర్లు అంటే చదరపు మీటరుకు 1.55. రాతి పొడికి 1.2 దగ్గర ఉంటే బ్యాగు బతుకుతుంది. ఇంకో 16 బ్యాగులు కలిపితే 1.24కు వస్తుంది. ఆ ఖర్చు మానేస్తే మొదట్లో తేడా తెలియదు, ఆర్నెల్లలో బ్యాగులు మారుస్తూ కూర్చుంటారు. ఇంకో చిక్కుంది. క్రషర్ ఆగిన వేళ దాని గేటు మూసేస్తే 300 మెయిన్‌లో వేగం 13కు పడి పొడి కూర్చుంటుంది. క్రషర్ ఆగినా గేటు తెరిచే ఉంచండి. అన్ని గేట్లూ ఒకసారి సర్ది గుర్తు పెట్టి బిగించేయండి, లేకపోతే ఎవరి హుడ్‌ది వాళ్లు పూర్తిగా తెరుచుకుంటారు.

మూడోది మీ బావ కోరిక: 20 హెచ్‌పీకి తగ్గ పెద్ద ఫ్యానే కొనడం. పనిచేయదని అనను. గాలి ఎక్కువై ఫిల్టర్ ఇంకా తొందరగా పూడుతుంది, బస్తాలో పడాల్సిన సన్న పొడిని కూడా లాగేస్తుంది, అది మీరు అమ్ముకునే సరుకు. 15తో పోలిస్తే అదనంగా 4 కిలోవాట్లు తింటుందనుకున్నా రోజుకు పది గంటలు, నెలకు 25 రోజులకు వెయ్యి యూనిట్లు. కాంట్రాక్ట్ లోడ్ (కరెంటు కంపెనీతో ఒప్పుకున్న లోడు) కూడా చూసుకోవాల్సి వస్తుంది.

నన్నడిగితే రెండోదానికే మొగ్గుతాను, నోటీసు ఉంది కాబట్టి. చేతిలో డబ్బు లేకపోతే మొదటిది తప్పేమీ కాదు. ఏది చేసినా హుడ్లు దించడం మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి, దానికి కొత్త ఫ్యాన్ అక్కర్లేదు.

బావ విషయానికొస్తే, ఆయనతో లెక్కల మీద వాదించకండి. మీటరు దగ్గర నిలబెట్టండి. రెండు మీటర్ల సన్న పారదర్శక ప్లాస్టిక్ ట్యూబు కొని, చెక్కపలక మీద యు ఆకారంలో మేకులతో బిగించి, మధ్యలో మి.మీ. స్కేలు అతికించి, కుంకుమ కలిపిన నీళ్లు సగం దాకా పోయండి. ఫిల్టర్‌కు ముందు పైపులో చిన్న రంధ్రానికి ఒక కొస, తర్వాతి పైపులో ఇంకో కొస తగిలించండి. రెండు వైపుల నీటి మట్టాల తేడాయే ఫిల్టర్ తింటున్న ఒత్తిడి. అది 150 దాటి ఉంటే బ్యాగులు, కంప్రెసర్ గాలి చూడాలి, ఆ గాలి 5, 6 కిలోల ఒత్తిడితో, తడి లేకుండా రావాలి. గాలి వేగానికి పిటాట్ ట్యూబు (గాలికి ఎదురుగా పైపులో పెట్టే సన్న గొట్టం) కావాలి. దాని తేడా మి.మీ.లకు వర్గమూలం తీసి ఎండాకాలమైతే 4.3తో, మామూలుగా అయితే 4తో హెచ్చిస్తే సెకనుకు మీటర్లు. బస్తా కొమ్మలో వేగం 6 మీటర్లని ఆయన కళ్లతో చూశాక, ఎవరి మాట నెగ్గిందన్న ప్రశ్నే రాదు. ఆయన డబ్బు వృథా అవుతుందేమోనని భయపడుతున్నారు, ఆ భయంలో అర్థముంది. నలుగురిలో అన్న మాట గురించి మాత్రం విడిగా కూర్చుని, నొచ్చుకున్నానని చెప్పండి. అక్కను మధ్యవర్తిగా పంపొద్దు. భాగం తీసుకుని పక్కకు జరగడం మీ హక్కే, కానీ నోటీసు మీద ఉన్న మిల్లులో భాగానికి ఎవరూ సరైన ధర కట్టరు. లైను సరయ్యాక ఆ మాట ఎత్తినా మీకే లాభం.

దగ్గుతున్న పెద్దాయనను బస్తాల దగ్గరి నుంచి వెంటనే మార్చండి. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల పరీక్ష చేయించండి, ఏ దుమ్ములో ఎన్నేళ్లు పనిచేశారో డాక్టరుకు చెప్పాలి. డోలమైట్‌లో క్వార్ట్జ్ కలిసి ఉంటే సిలికోసిస్ భయం ఉంటుంది, అది ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. షెడ్డులో పొడి చీపురుతో ఊడ్చడం మాన్పించండి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు కావాలి.

ఫ్యాన్ కొనేటప్పుడు ఇద్దరు ఫ్యాబ్రికేటర్లకు ఒకటే కాగితం ఇవ్వండి: 5,600 క్యూబిక్ మీటర్లు, 310 మి.మీ. స్టాటిక్ ఒత్తిడి, 45 డిగ్రీలు, 350 మీటర్ల ఎత్తు, శుభ్రమైన గాలి వైపు, వెనక్కి వంగిన బ్లేడ్లు, బెల్టు డ్రైవ్, చక్రం అదరకుండా జి6.3 బ్యాలెన్సింగ్. పర్ఫార్మెన్స్ కర్వ్ (ఏ ఒత్తిడికి ఎంత గాలో చూపే గీత), దాని మీద మీ పాయింట్ గుర్తు, చక్రం తట్టుకునే గరిష్ఠ వేగం రాసివ్వమనండి. కర్వ్ లేదన్నవాడిని అక్కడే పక్కన పెట్టండి. ఫ్యాన్ నోటికి ఆనుకుని వంపు పెట్టొద్దనీ, కనీసం మూడు వ్యాసాల దూరం తిన్నటి పైపు ఉండాలనీ కాగితంలోనే చేర్చండి, జాగా లేదని చివర్లో ఎల్బో తగిలించి పోతారు. చిమ్నీకి శాంపిల్ తీసే రంధ్రం, నిలబడే ప్లాట్‌ఫారం కూడా ఆ కోట్‌లోనే ఉండాలి, నోటీసుకు జవాబిచ్చేటప్పుడు అవి అడుగుతారు. ఆఖరి 20 శాతం డబ్బు, పొడి పట్టిన బ్యాగులతో కొమ్మలన్నిటిలో పిటాట్ రీడింగ్ 18 మీటర్లు దాటాకే ఇస్తామని ఆర్డరులో రాయించి, మీరూ మీ బావా ఇద్దరూ సంతకం పెట్టండి.